మాట వినని మహళ్లు

రొమేనియాకు రాజు కావలసిన మనిషి ఆ దేశంలోకి దొంగపేరుతో అడుగుపెట్టాడు. అది 1866 మే నెల. కార్ల్ హెటింగెన్ అనే పేరుతో ఒక స్విస్ పాస్‌పోర్టు జేబులో ఉంది. ఎవరైనా అడిగితే వ్యాపారం పని మీద ఒడెస్సా వెళుతున్నానని చెప్పాలి. ఆస్ట్రియా మీదుగా సెకండు క్లాసు పెట్టెలో ప్రయాణం. అసలు మనిషి హోహెన్‌జోలెర్న్ వంశపు రాకుమారుడు, ప్రష్యా సైన్యంలో అధికారి, వయసు 27. ప్రష్యాకూ ఆస్ట్రియాకూ యుద్ధం రేపోమాపో అన్నట్టున్న రోజులవి. దారిలో పట్టుబడితే కిరీటం మాట అటుంచి, ముందు ఖైదు తప్పదు. డాన్యూబ్ నది మీద స్టీమరులో అతన్ని రప్పించిన రొమేనియా నాయకుడు అయోన్ బ్రతియాను కూడా ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు ఎరగనట్టే కూర్చున్నారు. తుర్ను సెవెరిన్ రేవులో దిగాకగాని ఆయన ఈయనకు దొరగారని దణ్ణం పెట్టలేదు.

పరాయివాణ్ణి ఎందుకు పిలిచారంటే, సొంతవాళ్ల మీద నమ్మకం లేక. మోల్దావియా, వలాకియా అనే రెండు సంస్థానాలు 1859లో అలెగ్జాండ్రు కూజా అనే ఒకే మనిషిని పాలకుడిగా ఎన్నుకుని ఒకటయ్యాయి. ఏడేళ్లకు కొందరు సైనికాధికారులు రాత్రివేళ ఆయన పడకగదిలోకి వచ్చి రాజీనామా మీద సంతకం పెట్టించుకున్నారు. ఆ కుర్చీలో స్థానిక జమీందారీ కుటుంబాలలో ఎవరిని కూర్చోబెట్టినా తక్కినవాళ్లు ఊరుకోరు. పైన చూస్తే పేరుకు ఇంకా తుర్కీ సుల్తాను ఆధిపత్యం. యూరప్‌లో నలుగురి అండ ఉన్న బయటి రాకుమారుడైతే ఇంటి తగవూ తీరుతుంది, బయట పరపతీ పెరుగుతుంది. ఆ లెక్కలో కార్ల్ వచ్చి కరోల్ అయ్యాడు.

మన జిల్లాలలో రొమేనియా పేరు ఇంటింటా వినిపించింది 2022 ఫిబ్రవరి, మార్చి నెలల్లో. ఉక్రెయిన్‌లో వైద్యం చదువుతున్న మన పిల్లలు సిరెత్ సరిహద్దు దాటి రొమేనియాలోకి వచ్చి, అక్కడినుంచి విమానాలెక్కారు. నాకు అంతకుముందే ఆ దేశంతో కాస్త పరిచయం. అమ్మాయీ అల్లుడూ బుకారెస్ట్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. నేను రోడ్లు, భవనాల శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. కోట చూపిస్తే రాజుగారి పటం కన్నా ముందు గోడ అడుగున చెమ్మ ఉందా లేదా అని చూస్తాను. అమ్మాయి విసుక్కుంటుంది కాని, ఆ చూపుతో తిరిగినందువల్లే నాకొక సంగతి తెలిసొచ్చింది. ఆ దేశపు రాజగృహాలలో కట్టించినవాళ్లు అనుకున్న దారిన నడిచిన ఇల్లు ఒక్కటీ లేదు.

ముందు పెలేష్ మహలు సంగతి. బుకారెస్ట్ నుంచి ఉత్తరంగా సుమారు 120 కిలోమీటర్లు వెళితే కార్పేతియన్ కొండలలో, ప్రహోవా లోయలో సినాయా అనే ఊరు ఉంది. మిహాయిల్ కంతకుజీనో అనే దొర సీనాయి కొండకు యాత్ర చేసి వచ్చి, 1695లో ఇక్కడ ఒక మఠం కట్టించి ఆ పేరే పెట్టాడు. ఊరికీ అదే పేరైంది. కరోల్ దేశానికి వచ్చిన ఏడే ఈ లోయ చూశాడు. చూసి వదల్లేకపోయాడు. 1872లో అక్కడ భూమి కొన్నాడు. ఇల్లు లేచేదాకా వేసవి వస్తే రాజూ రాణీ ఆ మఠం గదుల్లోనే దిగేవారు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మనవాళ్లు. కరోల్ ఆ రెండింటిలో మొదటిది నలభై ఏళ్లు చూశాడు. మొదట వచ్చిన నమూనాలు పశ్చిమ యూరప్ మహళ్లకు నకళ్లలా ఉన్నాయనీ, ఖర్చు కూడా ఎక్కువనీ తోసేశాడు. ఆ తరవాత విల్‌హెల్మ్ ఫాన్ డోడెరర్ పని మొదలుపెట్టాడు. 1873లో తవ్వకం మొదలైతే లోపల అంతా ఊటలే. కొండవాలు, మెత్తని నేల, కింద నీళ్లు. నాలాంటివాడికి ఈ మూడు మాటలు చాలు, ఆ రాత్రి నిద్ర పట్టదు. ఊటలను పట్టి మళ్లించి, చరియ జారకుండా గోడలు కట్టి, నేలను స్థిరపరచడానికే రెండేళ్లు పోయాయి. 1875 ఆగస్టు 22న శంకుస్థాపన జరిగింది. ఈ రోజు వచ్చేవాళ్లు శిఖరాలకూ కిటికీలకూ ఫోటోలు తీసుకుంటారు. ఆ మహలు ప్రాణం మాత్రం ఎవరూ ఫోటో తియ్యని ఆ నీటికాలువల్లో ఉంది.

పనివాళ్ల సంగతి రాణి ఎలిసబేతా తన రాతల్లో చెప్పింది. రాతి పనికి ఇటలీ తాపీమేస్త్రీలు, అల్బేనియన్లు, గ్రీకులు, వడ్రంగానికి జర్మన్లు, హంగేరియన్లు, ఇటుకలు కాల్చడానికి తుర్కులు, మోతకు రోమా కూలీలు, మట్టిపనికి రొమేనియన్లు. పద్నాలుగు భాషలు వినపడేవట ఆ కొండమీద. పద్నాలుగు భాషల్లో కూలి లెక్క అప్పజెప్పిన గుమాస్తా ఎవరో కాని, ఆయన కొలతల పుస్తకం చూడాలని నాకు చాలా కోరిక.

మధ్యలో యుద్ధం వచ్చింది. 1877లో రష్యాతో కలిసి తుర్కీ మీదికి వెళ్లారు. కరోల్ స్వయంగా ప్లెవ్నా ముట్టడిలో ఉన్నాడు. సినాయాలో పని ఆగింది. యుద్ధంతో స్వాతంత్ర్యం వచ్చింది, 1881లో దేశం రాజ్యమైంది. కరోల్ తలకు బంగారు కిరీటం వద్దని, ప్లెవ్నాలో పట్టుకున్న తుర్కీ ఫిరంగి ఉక్కుతో చేయించుకున్నాడు. ఆ మనిషి తీరు అది. పెలేష్ గృహప్రవేశం 1883 అక్టోబరు 7న జరిగింది. డోడెరర్ సహాయకుడు యోహానెస్ షుల్ట్జ్ దాన్ని పూర్తిచేశాడు. ఆ తరవాత చెక్ వాస్తుశిల్పి కరెల్ లీమన్ వచ్చి ఇంకా గదులు, గోపురాలు చేర్చుకుంటూ పోయాడు. 1914 దాకా మొత్తం ఖర్చు 1 కోటి 60 లక్షల బంగారు లెయ్ అని అంచనా.

సుమారు 160 గదులు. సొంత కరెంటు కేంద్రం పెట్టుకుని 1884 నుంచే దీపాలు వెలిగించారు. మొదటినుంచీ కరెంటు ఉన్న రాజగృహాలు ఆనాటి యూరప్‌లో అరుదు. గోడల్లోంచి వేడిగాలి, దుమ్ము లాగే గొట్టాలు, మోటారుతో జరిగే అద్దాల పైకప్పు. చిన్న నాటకశాల ఒకటి ఉంది. దాని అలంకరణలో వియన్నా కుర్రాడు గుస్తావ్ క్లిమ్ట్ చెయ్యి ఉంది, అప్పటికింకా పెద్ద పేరు రాలేదు. ఆయుధాల గదిలో 4,000 పైచిలుకు కత్తులు, కవచాలు. పాత సంగీతశాలలో చెక్కడపు టేకు కుర్చీలు కనిపిస్తే ఇవెక్కడివో చూసినట్టుందే అనుకున్నాను. కపుర్తలా మహారాజా కానుకట. ఆ కుర్చీలున్న గదిలోనే రాణి కచేరీలు పెట్టించేది. కార్మెన్ సిల్వా అనే కలంపేరుతో కవితలు రాసే ఆమె, వయొలిన్ పట్టిన కుర్రాడు జార్జ్ ఎనెస్కును చేరదీసింది. ఆమె ఒక్కగానొక్క బిడ్డ మరియా 1874లో మూడేళ్ల వయసులోనే జ్వరంతో పోయింది. అంటే ఆ పాప పోయిన మరుసటి ఏడు పెలేష్‌కు శంకుస్థాపన. వారసులు లేని ఇంటికి రాజు అన్ని గదులు కట్టుకుంటూ పోయాడన్నమాట.

అంత ఇష్టంగా కట్టుకున్న ఇంట్లోనే ఆయన మాట చెల్లలేదు. 1883లోనే ఆస్ట్రియా-హంగేరీతో ఒక రహస్య ఒప్పందం చేసుకున్నాడు, అది బయట తెలిసింది కొద్దిమందికే. 1914 ఆగస్టు 3న పెలేష్‌లో మంత్రుల్ని, పార్టీల పెద్దల్ని కూర్చోబెట్టి, ఇచ్చిన మాట ప్రకారం జర్మనీ, ఆస్ట్రియాల పక్కన యుద్ధానికి వెళదామన్నాడు. సరేనన్నది పెత్రె కార్ప్ ఒక్కడే. ట్రాన్సిల్వేనియా రొమేనియన్లను ఏలుతున్న ఆస్ట్రియా-హంగేరీ కోసం మన కుర్రాళ్లను చంపుకోమంటారా అన్నది తక్కినవాళ్ల ధోరణి. ఇటలీ కూడా తటస్థంగా ఉండిపోయిందన్న కబురు అప్పుడే వచ్చింది. రాజ్యాంగానికి కట్టుబడిన రాజు కాబట్టి కరోల్ తల వంచాడు. తటస్థంగా ఉండాలని తీర్మానం. అక్టోబరు 10న అదే ఇంట్లో కన్నుమూశాడు. నలభై ఎనిమిదేళ్లు ఏలినవాడు, చివరి పెద్ద వాదనలో ఓడి పోయాడు.

ఇప్పుడు రెండో ఇంటికి వద్దాం. కరోల్‌కు వారసుడు అన్నకొడుకు ఫెర్డినాండ్. ఆయనకు 1893లో పెళ్లి చేసి తెచ్చిన పిల్ల మేరీ. పదిహేడేళ్లది, మన ముత్తాతల కాలపు రూపాయి మీదున్న విక్టోరియా రాణికి మనవరాలు. కొత్త దంపతుల కోసం బుకారెస్ట్‌లో కొత్రోచెన్ మహలు లేచింది. అక్కడ 1679లో షెర్బాన్ కంతకుజీనో కట్టించిన మఠం ఉంది. దాని ఆవరణలో పాత భవనాన్ని తీసేసి, పోల్ గొత్తెరో అనే ఫ్రెంచి వాస్తుశిల్పి 1893-95 మధ్య ఈ మహలు కట్టాడు. వేసవికి పెలేష్ వెళ్లాలి. నల్లటి వాల్‌నట్ చెక్క, రంగుటద్దాలు, చినమామగారి గడియారం ప్రకారం భోజనాలు. ఆ ఇల్లు మేరీకి ఊపిరాడనివ్వలేదు. చివరికి పెలేష్‌కు కూతవేటు దూరంలో లీమన్ చేతనే పెలిషోర్ అనే చిన్న భవనం కట్టించారు. అక్కడ గదులు వెలుతురుగా ఉంటాయి. ఒక గది గోడలు పూర్తిగా బంగారు పూతతో, ముళ్ల ఆకుల చెక్కడంతో, మేరీ తన మనసులోంచి తీసి పెట్టినట్టుంటాయి.

కరోల్ పెంచి తీర్చిన వారసుడు, పుట్టుకతో జర్మన్, ఏం చేశాడు? 1916 ఆగస్టు 27న కొత్రోచెన్‌లో సభ పెట్టి, జర్మనీ పక్షం మీదికే యుద్ధం ప్రకటించాడు. కైజరు ఆయన పేరును హోహెన్‌జోలెర్న్ వంశంలోంచి కొట్టేయించాడు. ఆ డిసెంబరులో బుకారెస్ట్ జర్మన్ల చేతికి పోయింది. రాజకుటుంబం యాష్ నగరానికి తరలింది. మేరీ అక్కడ నర్సు దుస్తుల్లో ఆసుపత్రుల వెంట తిరిగింది. రెండేళ్లు తిరిగేసరికి జర్మనీ ఓడింది, ట్రాన్సిల్వేనియా రొమేనియాలో కలిసింది. చిన్నాన్న మాట వినని అబ్బాయి చేతిలో చిన్నాన్న కలగనని దేశం పడింది.

దాంతోపాటు మూడో ఇల్లు కూడా వచ్చింది. బ్రాన్ కోట కథ మహళ్ల కథ కన్నా చాలా పాతది. ట్రాన్సిల్వేనియా నుంచి వలాకియాలోకి దిగే కనుమలో, ఒంటి బండ మీద కోట కట్టుకోవడానికి 1377లో హంగేరీ రాజు లూయీ బ్రషోవ్ నగరపు సాక్సన్లకు అనుమతి ఇచ్చాడు. ఖర్చు వాళ్లది, కష్టం వాళ్లది. 1388 నాటికి పూర్తయింది. సైన్యానికి కావలికోట, వర్తకానికి సుంకపు ఠాణా. కనుమ దాటే సరుకులో నూటికి మూడు వంతులు అక్కడ దిగేవి. ఉన్ని, తోళ్లు, మైనం, మిరియాలు ఏవి దాటినా సరే. కోటలో నేను చూసిన రాతిపనిలో ఆడంబరం లేదు. దారిని కనిపెట్టే కిటికీలు, బండ వంకరను బట్టి వంకర తిరిగిన గోడలు. ఎస్టిమేటు దాటకుండా వ్యాపారులు కట్టిన కట్టడం అని చూస్తేనే తెలుస్తుంది.

1920 డిసెంబరు 1న బ్రషోవ్ నగరసభ ఆ కోటను మేరీ రాణికి కానుకగా ఇచ్చింది. లీమన్ మళ్లీ వచ్చాడు. పెలేష్‌లో రాజుకు పనిచేసిన చేతులే ఇక్కడ రాణికి పనిచేశాయి. చిన్న గదులు, తెల్ల సున్నం, మెట్ల పక్క పూలకుండీలు, పాత బావి గొయ్యిలో 1937లో దింపిన లిఫ్టు. నన్ను పట్టేసినది మాత్రం 1932లో వాగు మీద పెట్టిన చిన్న టర్బైను. కోటకు చాలినంత కరెంటు తీసుకుని ఊరుకోకుండా బ్రాన్, షిమోన్, మొయెచు ఊళ్లకు తీగలు లాగించారు. కొండపల్లెలకు కరెంటు తీగ ఎంత బరువైన పనో ఈ ఉద్యోగంలో ఉన్నవాళ్లకు తెలుసు. రాణుల మంచితనం గురించి చెప్పే కథల్లో నేను నమ్మేది ఇలాంటివి.

మేరీ 1938 జులై 18న పెలిషోర్‌లో పోయింది. శరీరం కుర్త్యా దె అర్జెష్ మఠంలో, భర్త పక్కన. గుండె మాత్రం నల్లసముద్రం ఒడ్డున బల్చిక్‌లో తన తోటమహలు దగ్గరి చిన్న గుడిలో ఉంచమని కోరింది. రెండేళ్లు దాటాయో లేదో, 1940లో క్రయోవా ఒప్పందంతో ఆ తీరం బల్గేరియాకు పోయింది. గుండె ఉన్న పేటికను బ్రాన్‌కు తెచ్చి కోట ఎదుటి కొండరాతిలో భద్రపరిచారు. కమ్యూనిస్టుల కాలంలో దాన్ని తీసి మ్యూజియం అధీనంలోకి, ఆపైన బుకారెస్ట్ చరిత్ర మ్యూజియం గదిలోకి మార్చారు. 2015లోగాని పెలిషోర్‌కు, ఆమె కన్నుమూసిన ఇంటికే, చేరలేదు. నాలుగు ఇళ్లున్న మనిషికి ఇది జరిగింది.

ఫెర్డినాండ్ తరవాతి కాలం తొందరగా దాటేస్తాను, అందులో చెప్పదగిన కట్టడాలు తక్కువ, గొడవలు ఎక్కువ. ఒక్కటి చాలు. 1933 డిసెంబరు 29న ప్రధాని దుకా సినాయా వచ్చి రెండో కరోల్ రాజును కలిసి, తిరుగు రైలు కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు. ఐరన్ గార్డు అనే ఫాసిస్టు ముఠా మనుషులు అక్కడే కాల్చి చంపారు.

ఆ రెండో కరోల్ కొడుకే మిహాయ్ రాజు. 1947 డిసెంబరు చివర సినాయాలో ఉన్నాడు. ప్రధాని పెత్రు గ్రోజా, కమ్యూనిస్టు నాయకుడు గెయోర్గ్యు-దెజ్ అర్జెంటుగా రమ్మన్నారు. 30వ తేదీన బుకారెస్ట్‌లోని ఎలిసబేతా మహల్లో రాజ్యత్యాగం కాగితం ముందు పెట్టారు. ఆయనకు 26 ఏళ్లు. జనవరి మొదట్లోనే రైలెక్కించి దేశం దాటించారు. బ్రాన్‌లో, తల్లి మేరీ రాణి పేరు మీద 'రాణి హృదయం' అనే ఆసుపత్రి పెట్టి గాయపడ్డ సైనికులకు సేవ చేసిన ఇలెయానా రాకుమారి కూడా వెళ్లిపోయింది. ఆమె తరవాత సన్యాసం తీసుకుని అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆర్థడాక్స్ మఠం స్థాపించింది.

ఇళ్లు మిగిలాయి. కొత్తవాళ్లకు వాటితో ఏం చెయ్యాలో తెలియలేదు. పెలేష్ 1953లో మ్యూజియం. కొత్రోచెన్ బాలసంఘాల భవనం. 1975లో నికొలాయె చౌషెస్కు పెలేష్‌ను జనానికి మూయించి, విదేశీ అతిథుల కోసం అట్టేపెట్టుకున్నాడు. అదే ఏడు అమెరికా అధ్యక్షుడు ఫోర్డ్‌ను అక్కడికి తీసుకొచ్చిన తేదీ ఆగస్టు 3. కరోల్ తన సభలో ఓడిన తేదీ. చౌషెస్కు దంపతులు మాత్రం అక్కడ కాపురం పెట్టలేదు. చెక్కలో మనిషికి హాని చేసే బూజు పట్టిందని మ్యూజియం సిబ్బంది భయపెట్టారనీ, అందుకే వాళ్లు దూరంగా ఉన్నారనీ చెబుతారు. తన నీడను కూడా నమ్మని నియంతను ఒక తడిసిన చెక్కముక్కతో గడప బయట నిలబెట్టడం మామూలు విషయమా! నా ఉద్యోగంలో చెమ్మ రిపోర్టులు చాలా రాశాను. ఇంత పని చేసిన రిపోర్టు ఒక్కటీ రాయలేకపోయాను.

కొత్రోచెన్‌కు అంత అదృష్టం లేదు. 1977 మార్చి భూకంపంలో మహలు దెబ్బతింది. బాగుచేయిస్తూనే 1984లో, మూడు శతాబ్దాల నాటి మఠం గుడిని కూల్చేయించారు. భూకంపానికి నిలబడ్డ గోడలు హుకుంకు పడిపోయాయి. చౌషెస్కు తన అతిథుల కోసం సిద్ధం చేయించిన ఆ మహల్లో ఒక్కరోజైనా ఉండకముందే 1989 వచ్చింది. ఇప్పుడది ఎన్నికైన అధ్యక్షుడి కార్యాలయం. గుడిని మళ్లీ పాత పునాదుల చోటే కట్టారు.

1990లో పెలేష్ తలుపులు తెరిచారు. కొన్నేళ్లకు చట్టప్రకారం అది మిహాయ్‌కు తిరిగి దక్కింది. ఆయన మాత్రం దాన్ని మ్యూజియంగానే ఉండనిచ్చాడు. 2017 డిసెంబరు 5న ఆయన పోయాక, పార్థివదేహాన్ని ముందు పెలేష్ పెద్దశాలకే తెచ్చారు. ముత్తాత వరస కరోల్ వేయించిన ఆ జరిగే అద్దాల కప్పు కింద జనం వరసకట్టి చూశారు.

బ్రాన్ 2006లో ఇలెయానా పిల్లలకు వచ్చింది, 2009 నుంచి వాళ్లే మ్యూజియంగా నడుపుతున్నారు. ఇక్కడికి వచ్చేవాళ్లలో చాలామందికి మేరీ పేరు తెలియదు. వాళ్లొచ్చేది డ్రాకులా కోసం. ఆ నవల రాసిన బ్రామ్ స్టోకర్ రొమేనియాలో ఎన్నడూ కాలుపెట్టలేదు. పుస్తకం 1897లో వచ్చింది. పేరు అరువిచ్చిన వ్లాద్ ప్రభువు వలాకియా పాలకుడు, ఆయన దుర్గం అర్జెష్ లోయలో కొండకొమ్మున పొయెనారి. 1,480 మెట్లెక్కితేగాని అందదు, పైగా 1888లో చరియ జారి అందులో కొంత భాగం కిందికి పోయింది. అసలు తమాషా ఇంకొకటి. బ్రాన్ కట్టిన బ్రషోవ్ సాక్సన్లకూ వ్లాద్‌కూ బద్ధవైరం. వాళ్ల ఊరి పొలిమేరలు తగలబెట్టి, దొరికినవాళ్లను కొరత వేశాడు. ఆయన క్రూరత్వం గురించి జర్మన్ భాషలో అచ్చయి ఊరూరా తిరిగిన కథలకు మూలం ఆ పగే. ఇప్పుడు శత్రువుల కోటనే ఆయన పేర రాసిచ్చారు.

ఇది చరిత్రకు అన్యాయమని కొందరు పండితులు బాధపడతారు. నాకంత బాధ లేదు. పెంకు మార్చడానికీ, చెక్కకు మందు కొట్టడానికీ, కాలువ పూడిక తియ్యడానికీ ప్రతి ఏడూ డబ్బు కావాలి. రాజులు లేరు, రాణులు లేరు, దెయ్యం ఇస్తోంది. కనుమ దాటే ప్రతి బాటసారి దగ్గరా కాస్త వసూలు చేయడానికే సాక్సన్లు ఆ బండ మీద కోట కట్టారు. ఆరు వందల ఏళ్ల తరవాత టిక్కెట్టు కౌంటరు దగ్గర జరుగుతున్నదీ అదే పని. మధ్యలో రాజకుటుంబం ఉన్న పాతికేళ్లూ ఆ ఇల్లు సెలవు పెట్టింది, అంతే.